సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు కదలదు? తిరుపతి గాలిలో తరంగాల రద్దీ

సంక్షిప్తంగా: సిగ్నల్ బలం, సిగ్నల్ స్పష్టత, గాలిలో మన వంతుకు దొరికే సమయం మూడు వేరు వేరు సంగతులు. ఫోన్ మీద కనిపించే పాయింట్లు మొదటిదాన్ని మాత్రమే చెబుతాయి. తిరుపతిలో లాడ్జి గదిలో నెట్ ఆగడానికి, ఘాట్ రోడ్డు మలుపులో ఫోన్ తెగిపోవడానికి, గరుడసేవ రాత్రి మెసేజీ కదలకపోవడానికి కారణాలు ఒకటి కావు. తేడా తెలియకుండా, సిగ్నల్ పెంచుతాయని కొనే రిపీటర్లు, బూస్టర్లు చాలాసార్లు ఇబ్బందిని పెంచుతాయి.

రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం, వాటి చుట్టూ సందు సందుకూ లాడ్జీలు. సాయంత్రానికి గదులు నిండుతాయి. గదికి నలుగురు, నలుగురి చేతుల్లోనూ ఫోన్లు. ఒకరు రేపటి రైలు చూస్తుంటారు, ఇంకొకరు ఇంటికి వీడియో కాల్ చేస్తుంటారు, పిల్లలు కార్టూన్ పెట్టుకుంటారు. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది. వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. రిసెప్షన్‌లో అడిగితే రూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తారు. పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే తంతు. ఆ పది నిమిషాలు ఎందుకు బాగుంటుందో తెలిస్తే సమస్య సగం అర్థమైనట్టే. దానికి ముందు వైఫై ఎలా మాట్లాడుతుందో చూడాలి.

గాలి అందరిదీ, వంతు ఒక్కరిదే

రేడియో స్టేషన్‌లో మాట్లాడేది ఒక్కరు, వినేది వేలమంది. వైఫైలో అలా కాదు. రూటరూ మాట్లాడుతుంది, ప్రతి ఫోనూ మాట్లాడుతుంది, టీవీ, సీసీ కెమెరా కూడా మాట్లాడతాయి. వీటన్నిటికీ ఉన్నది ఒకే ఛానెల్, అంటే తరంగాలు నడిచే ఒకే దారి. సాధారణంగా ఆ ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ పాడవుతాయి, ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి పంపుకోవాలి.

అందుకే ప్రతి పరికరం పంపే ముందు వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. నిశ్శబ్దం కాగానే వెంటనే దూకదు, కొన్ని మైక్రోసెకన్లు అదనంగా ఆగి అప్పుడు పంపుతుంది. ఆ అదనపు ఆగుదల ఎంతన్నది ప్రతి పరికరం చీటీ తీసినట్టు ఎంచుకుంటుంది, కాబట్టి ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టే అవకాశం తగ్గుతుంది. ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. నలభై ఫోన్లున్న లాడ్జిలో మాట్లాడే సమయం కంటే ఆగే సమయం పెరిగిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. దూరంగా ఉన్న ఫోన్‌కు సిగ్నల్ బలహీనం కాబట్టి అది నెమ్మదిగా, విడమరిచి మాట్లాడాలి. సెకనుకు 300 మెగాబిట్ల వేగంతో పంపే ఫోన్‌తో పోలిస్తే 6 మెగాబిట్లతో పంపే ఫోన్ అదే ఫోటోకు 50 రెట్లు సమయం తీసుకుంటుంది. ఆ సేపంతా దగ్గర ఉన్నవాళ్లూ ఆగాల్సిందే. కారిడార్ చివరి గదిలోని ఒక్క ఫోన్ రూటర్ పక్క గదినీ నెమ్మది చేయగలదు. రూటర్ ఆపి వేసినప్పుడు నెట్ కాసేపు బాగుండటానికి ఒక కారణం ఇదే. ఫోన్లన్నీ విడిపోయి, ఒక్కొక్కటిగా తిరిగి చేరతాయి. దాంతోపాటు చాలా రూటర్లు మొదలయ్యేటప్పుడు చుట్టూ వెతికి అప్పటికి ఖాళీగా కనిపించిన ఛానెల్ ఎంచుకుంటాయి. పక్క లాడ్జి రూటరూ అదే పని చేసి అదే ఛానెల్‌కు రాగానే కథ మొదటికి వస్తుంది.

పాయింట్లు చెప్పనిది

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఈ అంకెలు సున్నాకు దిగువన ఉంటాయి. మైనస్ 50 అంటే చాలా బలమైన సిగ్నల్, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది, మైనస్ 80 అంటే తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఈ కొలతలో 10 తగ్గితే బలం పదో వంతు అవుతుంది. అంటే మైనస్ 50కీ మైనస్ 80కీ మధ్య తేడా వెయ్యి రెట్లు. దూరం రెట్టింపైతే ఆరుబయట కూడా బలం నాలుగో వంతుకు పడిపోతుంది.

అయితే బలం ఒక్కటే చాలదు. గాలిలో ఎప్పుడూ ఉండే సన్నని గోల మైనస్ 95 దరిదాపుల్లో ఉంటుంది. సిగ్నల్ మైనస్ 65 అయితే గోలకూ దానికీ మధ్య 30 తేడా ఉంది, మాట స్పష్టంగా వినబడుతుంది. అదే చోట ఏదో యంత్రం వల్ల గోల మైనస్ 75కు పెరిగిందనుకుందాం. సిగ్నల్ తగ్గలేదు, ఫోన్ మీద పాయింట్లూ తగ్గవు, స్పష్టత మాత్రం పోయింది. తిరునాళ్లలో పక్కనున్న మనిషి గొంతు చిన్నదవదు, అయినా మాట వినపడదు. ఇంటర్‌ఫియరెన్స్ అంటే అదే.

లైసెన్సు అక్కర్లేని పొలిమేర

మొబైల్ కంపెనీలు వేలంలో స్పెక్ట్రమ్, అంటే రేడియో తరంగాలు వాడుకునే హక్కు, కొంటాయి. తమకు దక్కిన పౌనఃపున్యాల్లో (తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు) మరొకరు ప్రసారం చేస్తే ఫిర్యాదు చేసే హక్కు వాటికుంది. వైఫైకి ఆ రక్షణ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని పరిశ్రమల, వైద్య, శాస్త్ర పరికరాల వేడికీ గోలకూ వదిలిపెట్టాలని 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో నిర్ణయించారు. ఎలాగూ గోల ఉండే చోటు కాబట్టి, తట్టుకోగలిగినవాళ్లు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 1985లో అమెరికా అనుమతించింది. తొలి వైఫై ప్రమాణం 802.11 1997లో వచ్చింది. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు. భారతదేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీకి (పౌనఃపున్యాల వరుసకు, అంటే ఆ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతానికే) 2005లో లైసెన్సు మినహాయింపు వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ దగ్గర విశాలమైన పట్టీలు 2018 అక్టోబరులో తెరుచుకున్నాయి.

మైక్రోవేవ్ ఓవెన్, వైఫై ఒకే చోట ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు ఈ చరిత్రలోనే ఉంది. నీటి అణువు సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే కంపిస్తుంది కాబట్టి ఓవెన్‌కు దాన్ని ఎంచుకున్నారని తరచూ చెబుతారు. అది నిజం కాదు. నీరు విస్తారమైన పట్టీలో తరంగాలను పీలుస్తుంది. ఓవెన్‌కు ఆ చోటు దక్కింది కేటాయింపు వల్ల.

1, 6, 11: లాడ్జి వీధి లెక్క

2.4 పట్టీలో మన దేశంలో 13 ఛానెళ్లున్నాయి. పదమూడు ఉన్నాయంటే పదమూడు దార్లున్నాయని అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఒక ఛానెల్‌కూ తర్వాతి ఛానెల్‌కూ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ ఒక్కో ప్రసారానికి కావాల్సిన వెడల్పు సుమారు 20. కాబట్టి ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కన ఇమిడేవి మూడే. ఆనవాయితీగా వాడేవి 1, 6, 11.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 1లోనూ 6లోనూ రూటర్లు కనిపిస్తే మధ్యలో 3 ఖాళీగా ఉందని దాన్ని ఎంచుకుంటారు. అది తెలివైన పనిలా కనిపిస్తుంది కానీ ఫలితం తలకిందులవుతుంది. ఒకే ఛానెల్‌లో ఉన్న రెండు రూటర్లు ఒకదాని మాట ఇంకొకటి అర్థం చేసుకుంటాయి, వంతులు పాటిస్తాయి. నెమ్మదైనా మర్యాద ఉంటుంది. 1లో ఉన్న రూటర్‌కూ 3లో ఉన్న రూటర్‌కూ ఒకదాని మాట ఇంకొకటికి మాటగా అర్థం కాదు, ఉత్త గోలగా వినబడుతుంది. పక్కపక్క వీధుల్లో రెండు గుళ్ల మైకులు ఒకేసారి మోగితే రెండు పాటలూ వినబడతాయి, ఏ పాటా అర్థం కాదు. గోల బాగా పెద్దదైతే తప్ప రూటర్ ఆగదు. రెండూ ఒకేసారి మాట్లాడి రెండూ పాడు చేసుకుంటాయి. పైగా 3లో ఉన్న రూటర్ 1నీ చెడగొడుతుంది, 6నీ చెడగొడుతుంది.

ఆగే హద్దుల్లోనే చాలా ఉంది. వైఫై మాటగా గుర్తుపట్టగలిగితే మైనస్ 82 అంతటి సన్నని శబ్దానికి కూడా పరికరం ఆగాలని ప్రమాణం చెబుతుంది. వైఫై కాని గోలకు మాత్రం మైనస్ 62 దాటితేనే ఆగుతుంది. మొదటి అంకె అర్థం గమనించదగ్గది. ఎదురు లాడ్జి వైఫై మన గదిలో మైనస్ 80 దగ్గర ఉంటుంది. దానితో మనకు ఉపయోగం దాదాపు సున్నా, కలిసినా తెగుతూ అతుకుతూ ఉంటుంది. అయినా అది మాట్లాడినప్పుడల్లా మన రూటర్ నోరు మూసుకోవాలి. అంటే పనికొచ్చే పరిధి కంటే అడ్డుపడే పరిధి చాలా పెద్దది. అంతస్తుకు రెండు రూటర్లు పెట్టి అన్నీ పూర్తి శక్తితో నడిపే లాడ్జిలో తన రూటర్లే తనకు పోటీ.

పేరు కూడా సమయం తింటుంది. ప్రతి వైఫై పేరూ సుమారు 102 మిల్లీసెకన్లకు ఒకసారి ‘నేనున్నాను’ అని ప్రకటించుకుంటుంది. పాత ఫోన్లకు కూడా అర్థం కావాలని ఈ ప్రకటన తరచూ అతి తక్కువ వేగంలో, సెకనుకు 1 మెగాబిట్‌తో వెళుతుంది. అలా పంపితే ఒక్కో పేరుకు ఛానెల్ సమయంలో రెండు మూడు శాతం ఖర్చవుతుంది. ఒకే ఛానెల్‌లో పది పేర్లు వినబడుతుంటే, ఎవరూ ఏమీ వాడకముందే దాదాపు నాలుగో వంతు సమయం చెల్లిపోతుంది. ‘అతిథులకు’, ‘ఆఫీసుకు’, ‘కెమెరాలకు’, ‘మొదటి అంతస్తు’, ‘రెండో అంతస్తు’ అంటూ పేర్లు పెంచేవాళ్లు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

వెడల్పు పెంచితే వేగం పెరుగుతుందని 2.4 పట్టీలో 40 మెగాహెర్ట్జ్ ఎంచుకోవడం కూడా ఇలాంటిదే. ఉన్న మూడు దార్లలో రెండింటిని ఒక్కరే ఆక్రమించినట్టు. చుట్టూ ఎవరూ లేని తోట ఇంట్లో అది పనిచేస్తుంది. భవానీ నగర్‌లోనో కొర్లగుంటలోనో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అందరికీ నష్టం.

బేకరీ ఓవెన్ నుంచి హార్డ్ డిస్క్ దాకా

వైఫై కాని గోలల్లో పేరుమోసింది మైక్రోవేవ్ ఓవెన్. పఫ్ వేడి చేసి ఇచ్చే బేకరీల్లో అది రోజంతా ఆగి ఆగి నడుస్తుంది. లోపల ఎనిమిది వందలు, వెయ్యి వాట్ల శక్తి ఉంటుంది. రూటర్ ప్రసారం సుమారు 0.1 వాటు. ఓవెన్ డబ్బా లోపలి శక్తిని దాదాపు పూర్తిగా ఆపుతుంది, మనిషికి హాని లేని స్థాయిలోనే బయటికి వస్తుంది. కానీ ఆ కొద్దిపాటి లీకు కూడా మూడు నాలుగు అడుగుల దూరంలోని ఫోన్‌కు రూటర్ గొంతుకంటే పెద్దగా వినబడగలదు. పాత తరహా ఓవెన్లలో తరంగాలు పుట్టేది కరెంటు చక్రంలో సగభాగంలోనే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 10 మిల్లీసెకన్లు గోల, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. ఆ సందుల్లో వైఫై ఎలాగో నెట్టుకొస్తుంది. అందుకే ఓవెన్ నడుస్తుంటే నెట్ పూర్తిగా చావదు, కుంటుతుంది.

బ్లూటూత్ కూడా ఇదే పట్టీలో ఉంది. అయితే అది మర్యాదస్తురాలు. పట్టీని 79 సన్నని ముక్కలుగా చేసుకుని సెకనుకు 1600 సార్లు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు గెంతుతుంది. వైఫై ఉన్న ముక్కలను గుర్తుపట్టి తప్పించుకునే నేర్పు 2003 తర్వాతి పరికరాలకు వచ్చింది. ఇయర్‌ఫోన్ల వల్ల నెట్ పోతోందన్న అనుమానం చాలావరకు తప్పే.

ఎవరూ అనుమానించనిది యూఎస్‌బీ 3 తీగ. ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్క్ తగిలించగానే వైర్‌లెస్ మౌస్ తడబడటం, వైఫై పడిపోవడం కొందరు చూసే ఉంటారు. ఆ తీగలో సెకనుకు 5 గిగాబిట్ల సమాచారం పోతుంటే పుట్టే గోల 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనూ పడుతుందని ఇంటెల్ 2012లోనే విడుదల చేసిన పత్రం వివరించింది. మంచి తొడుగున్న తీగ వాడినా, మౌస్ రిసీవర్‌ను కొంచెం దూరం జరిపినా తేడా కనిపిస్తుంది.

సీసీ కెమెరాల గొడవ వేరు. వాటిది గోల కాదు, ఆక్రమణ. వైఫై మీద నడిచే చవక కెమెరాలు చాలావరకు 2.4లోనే పనిచేస్తాయి, రాత్రింబవళ్లు వీడియో పంపుతూనే ఉంటాయి. దుకాణానికి నాలుగు కెమెరాలుంటే ఆ వీధి గాలిలో నాలుగు గొంతులు ఎప్పుడూ ఆగవు.

మొబైల్ నెట్‌వర్కులు వాడే 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ పట్టీ వైఫై పట్టీకి సరిగ్గా గట్టు పక్క పొలం. టవర్‌కు బాగా దగ్గరున్న మిద్దె మీద, వడపోత సరిగా లేని చవక రూటర్ ఆ పక్క గోలకు తట్టుకోలేకపోవచ్చు. అలాంటి చోట ఛానెల్ 1 కంటే దూరంగా ఉన్న 11 నయం.

నింద మోసేవి కొన్ని ఉన్నాయి. మిక్సీ, ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టర్ పుట్టించే గోల ప్రధానంగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. రేడియోలో గరగర వస్తుంది, వైఫై దాకా రాదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు నెట్ ఆగితే కారణం తరంగం కాదు. కరెంటు మారే రెప్పపాటులో రూటరో ఫైబర్ పెట్టో ఆగి మళ్లీ మొదలవుతుంది.

గోడ, బీరువా, నీళ్ల డ్రమ్ము

2.4 తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దానిలో సగానికి తక్కువ. 5లో ఛానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ అదే దూరంలో సిగ్నల్ 2.4తో పోలిస్తే సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, గోడలు దాటేటప్పుడు ఇంకా నష్టపోతుంది. ఒక గదికి 5, ఇంటికంతా 2.4 అన్నది మోటు లెక్కే అయినా తప్పు లెక్క కాదు.

ఇటుక గోడ కొంత తింటుంది. ఇనుప కడ్డీల వల అల్లిన స్లాబు చాలా తింటుంది. చిత్తూరు వైపు పాత రాతి మిద్దెల మందపు గోడలు ఇంకా ఎక్కువ. ఇనుము తినదు, తిప్పికొడుతుంది. బీరువా వెనక, టీవీ వెనక, ఫ్రిజ్ మీద రూటర్ పెడితే ఒక దిక్కు మొత్తం మూసేసినట్టే. అద్దం వెనక ఉండే లోహపు పూత కూడా అంతే. నీరు పీలుస్తుంది. వేసవిలో కట్టుదిట్టంగా నింపి పెట్టుకునే నీళ్ల డ్రమ్ములు, చేపల తొట్టి, జనంతో నిండిన హాలు సిగ్నల్‌కు ఒకే రకం అడ్డు, ఎందుకంటే మనిషి శరీరంలోనూ ఎక్కువ భాగం నీరే. ఖాళీ కల్యాణ మండపంలో పరీక్షించి ‘బ్రహ్మాండంగా ఉంది’ అనుకున్న వైఫై ముహూర్తం వేళకు మొహం చాటేయడానికి ఇదీ ఒక కారణం.

వాన సంగతి వేరుగా చెప్పాలి. వైఫైని గానీ, ఫోన్ సిగ్నల్‌ను గానీ వాన చినుకు పెద్దగా ఆపదు. 10 గిగాహెర్ట్జ్ దాటితేనే వాన ప్రభావం లెక్కలోకి వస్తుంది. అందుకే నవంబరు వానల్లో డిష్ టీవీ బొమ్మ ముందుగా పోతుంది. టవర్ నుంచి టవర్‌కు ఎక్కువ పౌనఃపున్యాల్లో నడిచే లింకులు ఉంటే అవీ తడబడతాయి. ఇంట్లో వైఫై ఆగితే మాత్రం కరెంటునో తెగిన ఫైబర్‌నో చూడాలి.

కొండ నీడలో ఫోన్

ఘాట్ రోడ్డు మీద జరిగేది పూర్తిగా వేరే కథ. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో శేషాచలం రాతి గోడలు. టవర్‌కూ ఫోన్‌కూ మధ్య కొండ నిలబడితే ఎండకు నీడ పడ్డట్టు రేడియోకూ నీడ పడుతుంది. 700, 900 మెగాహెర్ట్జ్ వంటి పొడవైన తరంగాలు కొండ అంచున కొంత వంగి లోపలికి దిగుతాయి. 5జికి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ పైబడిన తరంగాలు అంత వంగవు. రాష్ట్రంలో 5జి మొదట వచ్చిన ఊళ్లలో తిరుమల ఒకటి, 2022 డిసెంబరులోనే. అయినా దారిలో ఒక మలుపు దగ్గర 5జి చూపిన ఫోన్ తర్వాతి మలుపుకు 4జికి జారడం ఫోన్ లోపం కాదు. అటవీ ప్రాంతం కావడంతో మలుపుకో టవర్ కట్టడమూ కుదరదు.

కొండ అంచున దీనికి ఎదురు సమస్య ఉంటుంది. ఊరంతా కనిపించే చోట ఊళ్లోని టవర్లూ ఫోన్‌కు ‘కనిపిస్తాయి’. అన్నీ సమానమైన గొంతుతో వినబడితే ఏదీ పెద్ద గొంతు కాదు. ఫోన్ ఒకదాని నుంచి ఒకదానికి ఊగుతుంది, మిగిలినవన్నీ గోలగా మారతాయి. పాయింట్లు నిండుగా ఉండి మాట తెగిపోయే చోట్లలో ఇదొకటి. టవర్ల యాంటెనాలను కొంచెం నేల వైపు వంచి పెట్టడం ఇలాంటి దూరపు చిందులను తగ్గించడానికే.

కొండ అడ్డు కావడం ఎప్పుడూ నష్టమే అనుకోనక్కర్లేదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద, 1024 యాంటెనాలతో, 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తితో ఆకాశంలోకి తరంగాలు పంపి, పై గాలుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని వింటుంది. అంత సన్నని శబ్దం వినాలంటే చుట్టూ నిశ్శబ్దం కావాలి. చుట్టూ ఉన్న చిన్న కొండలు పట్నపు రేడియో గోలకు దడి కట్టినట్టు పనిచేస్తాయి. అంత శక్తిగల రాడార్ పక్కన వైఫై ఎలా బతుకుతుందంటే, పౌనఃపున్యాలు ఆమడ దూరంలో ఉన్నాయి. రాడార్ తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైమాటే, వైఫైది జానెడు కూడా లేదు.

5 గిగాహెర్ట్జ్ పట్టీలో మాత్రం రాడార్లతో నిజంగానే సరిహద్దు తగాదా ఉంది. ప్రపంచంలో చాలా వాతావరణ రాడార్లు 5600 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడుస్తాయి. అందుకే ఆ ఛానెళ్లలో రూటర్ ముందుగా కనీసం ఒక నిమిషం విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే మాట్లాడాలన్న నియమం ఉంది. మధ్యలో రాడార్ లాంటిది వినిపిస్తే వెంటనే ఛానెల్ వదిలేయాలి. ఏ కారణమూ లేకుండా 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై మళ్లీ ప్రత్యక్షమైతే ఇది అనుమానించాల్సిన సంగతే.

గరుడసేవ రాత్రి టవర్ మీద బరువు

బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి మాడవీధుల గ్యాలరీల్లో లక్షల మంది చేరతారు. అక్కడ సిగ్నల్‌కు కొరత ఉండదు, తాత్కాలిక టవర్లు కూడా వస్తాయి. కొరత వచ్చేది వంతుకు. వాహనం కదలగానే వేల ఫోన్లు ఒకేసారి వీడియో తీసి పంపాలని చూస్తాయి. నెట్‌వర్కుల్లో కిందికి దిగే దారి వెడల్పు, పైకి ఎక్కే దారి ఇరుకు. మామూలు రోజుల్లో జనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి అలా కట్టారు. ఆ రాత్రి మాత్రం లెక్క తిరగబడుతుంది. దానికి తోడు ప్రతి ఫోనూ తన మాట వినబడటం లేదని గొంతు పెంచుతుంది. పక్క టవర్‌కు అది గోల అవుతుంది, అక్కడి ఫోన్లూ గొంతు పెంచుతాయి.

ఈ రద్దీలో వీడియో కంటే మామూలు ఎస్ఎంఎస్‌కు గెలుపు అవకాశం ఎక్కువ. దానికి కావాల్సిన చోటు చాలా చిన్నది, ఒకసారి పోకపోయినా మళ్లీ ప్రయత్నిస్తుంది. తప్పిపోయిన పెద్దవాళ్లకు జాడ చెప్పాలనుకునే కుటుంబాలకు ఈ తేడా అక్కరకొస్తుంది.

తరంగాలతో సంబంధం లేని రద్దీ కూడా ఉంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయం పేజీ కదలకపోతే చాలామంది వైఫై మార్చి చూస్తారు, మిద్దె ఎక్కుతారు. అప్పుడు వరుస ఉన్నది గాలిలో కాదు, అవతలి సర్వర్ దగ్గర. అదే ఫోన్‌లో మరో సైటు చకచకా తెరుచుకుంటుంటే సిగ్నల్‌ను అనుమానించి లాభం లేదు.

బూస్టర్ అనే పెద్ద గొంతు

గదిలో ఫోన్ సిగ్నల్ రాకపోతే మొబైల్ బూస్టర్ కొని మిద్దె మీద పెట్టించుకునేవాళ్లున్నారు. అనుమతి లేని మొబైల్ రిపీటర్, బూస్టర్ అమ్మడం, కొనడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో మరోసారి స్పష్టం చేసింది. సిగ్నల్‌ను కావాలని అడ్డుకునే జామర్లకూ ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, ప్రైవేటు వ్యక్తులు కొనడానికే లేదు. నియమం వెనక బలమైన కారణం ఉంది. చవక బూస్టర్ మాటనూ గోలనూ వేరు చేయలేదు, రెంటినీ పెంచుతుంది. పెంచిన గోల టవర్ చెవిలో పడుతుంది. దాని పరిధిలోని ఫోన్లన్నీ ఆ గోల మీదుగా అరవాలి. బయటి యాంటెనా, లోపలి యాంటెనా మరీ దగ్గరగా ఉంటే పరికరం తన గొంతు తానే విని, మైకు కీచుమన్నట్టు ఆగకుండా అరుస్తుంది. ఒక్క గదికి దొరికిన రెండు పాయింట్లకు వీధి వీధంతా మూల్యం చెల్లిస్తుంది. ఇలాంటి మూలాలను వెతికి పట్టుకోవడానికే 1952 నుంచి వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ అనే కేంద్ర విభాగం పనిచేస్తోంది. ఇంట్లో వైఫై, బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ (కాల్ టవర్ బదులు వైఫై మీదుగా వెళ్లే ఏర్పాటు) పెట్టుకోవడం చట్టబద్ధమైన, ఖర్చులేని దారి.

వైఫై రిపీటర్ చట్టవిరుద్ధం కాదు, కానీ దాని లెక్క తెలిసి కొనాలి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనూ అదే ఛానెల్‌లో మళ్లీ చెప్పాలి. అంటే గాలిలో సమయం రెట్టింపు ఖర్చు, వేగం సుమారు సగం. సిగ్నల్ చచ్చిపోయిన గదిలో దాన్ని పెడితే చచ్చిన సిగ్నల్‌నే పంచుతుంది. రూటర్‌కూ ఆ గదికీ నడుమ, ఇంకా బాగా వినబడే చోట పెట్టాలి.

కారణం ఎక్కడుందో తేల్చే వరుస

మొదట రూటర్ పక్కనే నిలబడి చూడాలి. అక్కడా నెమ్మదే అయితే, వీలైతే ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి చూడాలి. తీగలోనూ నెమ్మదిగా ఉంటే లోపం గాలిలో లేదు, బ్రాడ్‌బ్యాండ్ లైనులోనో అవతలో ఉంది. తీగలో బాగుండి, రూటర్ పక్కన వైఫైలో చెడితే రద్దీనో గోలనో కారణం. దగ్గర బాగుండి దూరంలో చెడితే గోడల సంగతి. రోజూ ఒకే వేళకు చెడితే ఆ వేళకు చుట్టుపక్కల ఏది మొదలవుతుందో గమనించాలి. ఈ నాలుగు మెట్లు ఎక్కకముందు కొత్త రూటర్ కొనడం దండగ.

చుట్టూ ఏ ఛానెళ్లు నిండి ఉన్నాయో చూపించే ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లకు ఉన్నాయి. వాటిలో చూసి 1, 6, 11లలో పలచగా ఉన్నదాన్ని 2.4కు ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు కుదించాలి. దగ్గరి పరికరాలను 5కు మార్చాలి. లాడ్జీ యజమానులకు ఇంకొక మాట ఉంది. ఒక్కో రూటర్ శక్తి తగ్గించి, పక్కపక్క అంతస్తులకు వేర్వేరు ఛానెళ్లు కట్టబెడితే అదే సామానుతో ఎక్కువ గదులు నడుస్తాయి. గొంతు పెంచడం కంటే తగ్గించడం వల్లే మేలు జరిగే అరుదైన సందర్భమిది.

రాబోయే రోజుల్లో 6 గిగాహెర్ట్జ్ పట్టీ కొంత ఊరటనిస్తుంది. 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి వైఫైకి లైసెన్సు మినహాయించే ముసాయిదాను కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. 2.4 పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ అయితే ఇది 500. అయితే ఆ తరంగం గోడల ముందు 5 కంటే కూడా బలహీనం, పాత ఫోన్లకు అసలు వినబడదు. కదలని టీవీకి, సీసీ కెమెరాకు, బిల్లింగ్ కంప్యూటర్‌కు తీగ లాగితే ఆ గొంతులు గాలిలోంచి ఇవాళే తప్పుకుంటాయి, వాటి వంతు గదిలోని ఫోన్లకు వస్తుంది.